చెత్త తొలగింపునకు ధనం ఎక్కడిది? మహానగరపాలిక అధికారం, పౌరుని హక్కు

తుకుం వాసులకు ఘంటాగాడీ నిత్యం కనబడే వాహనం. తడి చెత్త, పొడి చెత్త అందులో వేసి లోనికి వెళ్లిన తరువాత వాటి సంగతి మనం ఆలోచించము. కాని ఆ వాహనానికి డీజిలు, దాని వెంట నడిచే కార్మికునికి వేతనం, చెత్తను చేర్చే స్థలం, దానిని ఎరువుగా మార్చే ఏర్పాటు, చివరకు మిగిలినదానిని పూడ్చే గొయ్యి, వీటన్నిటికీ ప్రతిదినం ధనం కావాలి. ఆ ధనాన్ని ఖర్చు చేసే అధికారం మహానగరపాలికకు ఎక్కడినుండి వచ్చింది? అది ఏ ఆదాయం నుండి సమకూరుతుంది? చాలకపోతే పాలిక చేతులెత్తేయవచ్చునా? ఇంటి పన్ను కట్టినవారు చెత్తకు వేరుగా రుసుము ఎందుకు కట్టాలి? ఈ ప్రశ్నలకు చట్టం చెప్పే సమాధానాలను తెలుగు పాఠకుల సౌకర్యార్థం ఇక్కడ వివరిస్తున్నాము.

అధికారానికి మూలం

మన నగరంలో స్థానిక పరిపాలన కొత్తది కాదు. చాందా అని పిలువబడిన కాలంలోనే, 1867లో, ఇక్కడ పురపాలక సంస్థ ఏర్పడింది. స్వాతంత్ర్యానంతరం అది మహారాష్ట్ర నగర పరిషత్తుల చట్టం, 1965 కింద నడిచింది. 2011లో చంద్రపూర్ మహానగరపాలిక ఏర్పడడంతో నగరం మరొక చట్టం పరిధిలోనికి వచ్చింది. అది 1949 నాటి బొంబాయి ప్రాంతీయ మహానగరపాలికల చట్టం. నేడు దానినే మహారాష్ట్ర మహానగరపాలికల చట్టం అంటున్నారు.

స్థానిక సంస్థకు తనంతట తానుగా ఏ అధికారమూ ఉండదు. రాష్ట్ర శాసనసభ చేసిన చట్టం ఇచ్చినంతవరకే అది పన్ను వేయగలదు, ఖర్చు చేయగలదు. 1993 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ఈ ఏర్పాటుకు రాజ్యాంగ పునాది వేసింది. నగరపాలక సంస్థలకు అప్పగించదగిన 18 విషయాలను పన్నెండవ షెడ్యూలు పేర్కొన్నది. వాటిలో ఆరవది ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, ఘనవ్యర్థాల నిర్వహణ. పని అప్పగించి ధనం ఇవ్వకపోతే ప్రయోజనం లేదు కనుక, పన్నులు విధించే అధికారాన్నీ, రాష్ట్ర నిధుల నుండి సహాయాన్నీ, ప్రత్యేక నిధి ఏర్పాటునూ చట్టం ద్వారా కల్పించవచ్చునని 243-ఎక్స్ అధికరణం చెప్పింది.

చేయవలసిన పని, చేయదగిన పని

మహానగరపాలికల చట్టం పాలిక పనులను రెండు తెగలుగా విభజించింది. 63వ సెక్షన్‌లో ఉన్నవి తప్పనిసరి విధులు. 66వ సెక్షన్‌లో ఉన్నవి ఐచ్ఛికమైనవి, అనగా వీలునుబట్టి చేపట్టదగినవి. బహిరంగ వీధులను ఊడ్చి శుభ్రపరచడం, ఊడ్చిన చెత్తను తొలగించడం, మురుగును, మలినాలను, చెత్తను సేకరించి, తరలించి, శుద్ధిచేసి, అంతిమంగా పరిష్కరించడం 63వ సెక్షన్‌లోని విధులు.

ఈ తేడా మాటలలోనిది మాత్రమే కాదు. ఐచ్ఛికమైన పనిని ఈ సంవత్సరం నిధులు లేవని వాయిదా వేయవచ్చు. తప్పనిసరి విధి విషయంలో అటువంటి వెసులుబాటు లేదు. కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2016 ఏప్రిల్ 8న ప్రకటించిన ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు ఈ క్రమాన్ని మరింత స్పష్టపరచాయి. వాటిలోని 15వ నియమం ప్రకారం స్థానిక సంస్థ తన వార్షిక బడ్జెట్‌లో చెత్త నిర్వహణకు కావలసిన పెట్టుబడినీ, నడుపుదల ఖర్చునూ ముందుగా కేటాయించవలసి ఉండేది. ఐచ్ఛికమైన పనులకు నిధులు ఇవ్వడం ఆ తరువాతనే. ఇంట్లో బియ్యం, పప్పు తెచ్చుకున్న తరువాతనే వేడుక ఖర్చు చూసుకున్నట్లు, నగరం కూడా పారిశుద్ధ్యం తీరిన తరువాతనే అలంకారాల వైపు చూడాలన్నది ఈ నియమం సారాంశం.

చట్టంలో గమనించదగిన మరొక అంశం ఉన్నది. పాలిక ఉద్యోగులు సేకరించిన చెత్త పాలిక ఆస్తి అవుతుంది. దానిని ఎరువుగా మార్చి అమ్మినా, ప్లాస్టిక్‌ను, ఇనుమును పునర్వినియోగానికి ఇచ్చినా వచ్చిన సొమ్ము నగర నిధికి చేరుతుంది. తెలంగాణలోని సూర్యాపేట పురపాలక సంఘం 2000 దశకం మొదట్లో తడి, పొడి చెత్తను ఇంటివద్దనే వేరుగా సేకరించి, ఎరువు తయారుచేసి, మిగిలినదానిని అమ్మి దేశంలోని ఇతర పట్టణాల దృష్టిని ఆకర్షించింది. ఇంట్లో కలిపివేసిన చెత్తకు అటువంటి విలువ ఉండదు.

నిధి ఏ దారులలో వస్తుంది?

82వ సెక్షన్ ప్రకారం పాలికకు వచ్చే ధనమంతా మహానగరపాలిక నిధిలో జమ అవుతుంది. చెత్త నిర్వహణకు అందులోనికి వచ్చే దారులు ప్రధానంగా ఐదు.

1. ఆస్తి పన్ను. 127వ సెక్షన్ కింద ఇది తప్పనిసరిగా వేయవలసిన పన్ను. 129వ సెక్షన్ దీనిలోని భాగాలను వివరిస్తుంది: సాధారణ పన్ను, నీటి పన్ను, మలినాల తొలగింపు పన్ను మొదలైనవి. మీ మాలమత్తా కర్ బిల్లును ఒకసారి శ్రద్ధగా చూడండి. అందులోని ప్రతి పంక్తి నగరానిది కాదు. విద్యా ఉపకరం, ఉపాధి హామీ ఉపకరం పాలిక వసూలుచేసి రాష్ట్ర ప్రభుత్వానికి చెల్లించేవి. నగరం ఖర్చు చేసుకోగలిగినది మిగిలినదే.

2. వినియోగ రుసుము. 2016 నియమాలు చెత్తను ఉత్పత్తి చేసే ప్రతివారినుండి ఉపనియమాల ద్వారా రుసుము వసూలు చేయడానికి స్థానిక సంస్థకు అధికారమిచ్చాయి. నియమాలను ఉల్లంఘించినవారికి అక్కడికక్కడే జరిమానా వేసే అధికారమూ ఇచ్చాయి.

3. రాష్ట్రం నుండి వచ్చే పరిహారం. ఒకప్పుడు మహారాష్ట్ర నగరాలకు ఆక్ట్రాయ్, తరువాత స్థానిక సంస్థ పన్ను పెద్ద ఆదాయ వనరులు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చిన తరువాత ఆ స్థానంలో రాష్ట్ర ప్రభుత్వం 2017లో చేసిన ప్రత్యేక చట్టం కింద పాలికలకు నెలనెలా పరిహారం ఇస్తున్నది. ఆ మొత్తాన్ని ఏటా 8 శాతం చొప్పున పెంచాలని ఆ చట్టం నిర్దేశించింది.

4. కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు. 2011 జనగణన ప్రకారం చంద్రపూర్ జనాభా 3,20,379. కనుక నగరం పది లక్షలకు లోపు జనాభాగల పట్టణాల తెగలోనికి వస్తుంది. 2021–26 కాలానికి 15వ ఆర్థిక సంఘం ఈ తెగ పట్టణాలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం నిర్దిష్ట అవసరాలకు కట్టుబడినది: అందులో సగం తాగునీటికి, సగం పారిశుద్ధ్యానికి, చెత్త నిర్వహణకు. ఆ సొమ్మును మరొక పనికి మళ్లించడానికి వీలులేదు. లెక్కలను ప్రజలకు అందుబాటులో ప్రచురించడం కూడా ఈ గ్రాంటుకు ఒక షరతు.

5. స్వచ్ఛ భారత్ మిషన్. 2021 అక్టోబరు 1న ప్రారంభమైన రెండవ దశలో, లక్ష నుండి పది లక్షల జనాభాగల నగరాల చెత్త నిర్వహణ పథకాలకు కేంద్రం మూడవ వంతు వరకు సహాయం ఇస్తుంది. అయితే ఇది యంత్రాలకు, నిర్మాణాలకు ఉద్దేశించినది. వాటిని ఏటేటా నడిపే ఖర్చు నగరమే భరించాలి.

ఇవి చాలనప్పుడు రాష్ట్ర ప్రభుత్వ అనుమతితో పాలిక అప్పు తీసుకోవచ్చు. అప్పును తీర్చవలసినది మళ్లీ పై ఆదాయాల నుండే.

పన్నుకు, రుసుముకు తేడా

ఇంటి పన్ను కట్టిన తరువాత చెత్త రుసుము ఎందుకన్నది న్యాయమైన ప్రశ్న. సుప్రీంకోర్టు 1954లో శిరూరు మఠం వ్యాజ్యంలో ఈ రెండింటి తేడాను వివరించింది. పన్ను సాధారణ ప్రజా ప్రయోజనానికి విధించేది. కట్టినవారికి దాని బదులు ఫలానా సేవ అందుతుందన్న ఒప్పందం ఉండదు. రుసుము మాత్రం ఒక నిర్దిష్టమైన సేవకు చెల్లించే మూల్యం. అందుచేత రుసుముకు, సేవకు సంబంధం కనబడాలి. ఆ సొమ్ము ఆ సేవకే వినియోగపడాలి.

ఈ సిద్ధాంతం పౌరునికి రెండు వైపులా వర్తిస్తుంది. సేవ పొందుతున్నవారు రుసుము చెల్లించాలి. రుసుము వసూలుచేసే సంస్థ సేవ అందించాలి. మన వీధికి ఘంటాగాడీ రాకుండా రుసుము మాత్రం వస్తే, ప్రశ్నించే హక్కు మనకు ఉన్నది.

ప్రజల మనసులో ఈ తేడా ఎంత పలుచనిదో ఆంధ్రప్రదేశ్ అనుభవం చూపుతుంది. 2021 అక్టోబరు 2న అక్కడ ప్రారంభమైన క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమం కింద పట్టణాలలోని ఇళ్లనుండి చెత్త సేకరణకు నెలవారీ రుసుము వసూలు చేశారు. పెద్ద నగరాలలో సాధారణ గృహానికి అది నెలకు 120 రూపాయల వరకు ఉండేది. చట్టం దృష్టిలో అది వినియోగ రుసుమే. ప్రజలు మాత్రం దానిని ‘చెత్త పన్ను’ అన్నారు, ఆ పేరే స్థిరపడింది. ఇంటి పన్నుతో పాటు ఇదొక అదనపు భారమన్న వ్యతిరేకత పెరిగింది. 2024 అక్టోబరు 2న మచిలీపట్నం సభలో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు దాని రద్దును ప్రకటించారు.

రుసుము రద్దయినంత మాత్రాన ఖర్చు రద్దు కాదు. వాహనం నడవాలి, వేతనం అందాలి. ఇంటినుండి నేరుగా రాని ఆ మొత్తం ఇతర పన్నుల నుండో, రాష్ట్ర ఖజానా నుండో రావాలి. అందుచేత ఏ నగరంలోనైనా అడగవలసిన ప్రశ్న ఇది: ఈ భారాన్ని ఎవరు, ఎంత పాలున మోయాలి? రుసుము అయితే చిన్న ఇంటికి, పెద్ద ఇంటికి దాదాపు సమానంగా పడే ప్రమాదం ఉన్నది. ఆస్తి పన్ను అయితే ఆస్తి విలువనుబట్టి మారుతుంది, కాని చెత్త తక్కువ చేసినవారికి తగ్గింపు ఉండదు. హోటళ్లకు, మంగళ కార్యాలయాలకు, దుకాణాలకు గృహాలకన్న ఎక్కువ రేటు పెట్టడం, బీదలకు తగ్గించడం ఉపనియమాలతో సాధ్యమే.

ఏ చెత్తకు నగర నిధి?

తుకుం విషయంలో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన ప్రాధాన్యం ఉన్నది. తాడోబా రోడ్డు వెంట ఉత్తరంగా వెళ్తే నగరం హద్దు దాటి దుర్గాపూర్, ఊర్జానగర్ వస్తాయి. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం, బొగ్గు గనులు ఉన్నాయి. మన తెలుగు కుటుంబాలు అనేకం ఉపాధి కోసం ఈ ప్రాంతానికి వచ్చి స్థిరపడినవే. ఒకే రోడ్డు మీద నడుస్తున్నా, హద్దు దాటగానే బాధ్యత మారుతుంది. నగర హద్దులోపల మహానగరపాలిక, హద్దు వెలుపల అక్కడి గ్రామ పంచాయతీ, సంస్థల కాలనీలలో ఆయా సంస్థల యాజమాన్యం. అయితే 2016 నియమాలు జనగణనలో పట్టణాలుగా గుర్తించిన గ్రామాలకు, పారిశ్రామిక నివాస ప్రాంతాలకు, రైల్వే స్థలాలకు కూడా వర్తించాయి. కనుక హద్దు వెలుపల చెత్త పోయవచ్చునని ఎవరూ భావించరాదు.

అదే విధంగా వ్యర్థాలన్నీ నగర చెత్త కావు. కొన్ని ముఖ్యమైన తేడాలు ఇవి.

• విద్యుత్ కేంద్రం నుండి వచ్చే బూడిద నగర చెత్త కాదు. దానిని పూర్తిగా వినియోగించవలసిన బాధ్యత, కాలుష్యం చేసినవారే మూల్యం చెల్లించాలన్న సూత్రం ప్రకారం, విద్యుత్ కేంద్రానిదే. ఈ విషయమై కేంద్రం 2021 డిసెంబరు 31న ప్రత్యేక ప్రకటన జారీచేసింది.

• ఆసుపత్రుల జీవవైద్య వ్యర్థాలకు వేరే నియమాలు ఉన్నాయి. వాటి ఖర్చు ఆసుపత్రులది.

• పాత కంప్యూటర్లు, ఫోన్లు మొదలైన ఎలక్ట్రానిక్ వ్యర్థాలను తిరిగి సేకరించే బాధ్యత ఉత్పత్తిదారులది.

• ఇల్లు పడగొట్టినప్పుడు, కట్టినప్పుడు మిగిలే ఇటుక, సిమెంటు తుక్కును ఇంటి చెత్తలో కలపరాదు. దానిని తరలించే ఖర్చు కట్టడం యజమాని భరించాలి.

2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రకటించిన పారిశ్రామిక కాలుష్య సూచికలో చంద్రపూర్ 83.88 పాయింట్లతో దేశంలో నాలుగవ స్థానంలో నిలిచింది. ఇంతటి పారిశ్రామిక భారం ఉన్న నగరంలో పరిశ్రమల వ్యర్థం నగర చెత్తతో కలిసిపోతే, పరిశ్రమ చేయవలసిన ఖర్చును గృహస్థుడు ఇంటి పన్ను రూపంలో మోసినట్లవుతుంది. ఎవరి వ్యర్థానికి ఎవరు చెల్లించాలన్న హద్దును కాపాడడం అందుకే మన జేబుకు కూడా సంబంధించిన విషయం.

‘నిధులు లేవు’ అనవచ్చునా?

ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు 1980 జూలై 29న సమాధానం చెప్పింది. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో ఒక వార్డు ప్రజలు బహిరంగ మురుగు, దుర్గంధం, దోమల బాధ భరించలేక ఉపవిభాగ మేజిస్ట్రేటును ఆశ్రయించారు. అప్పటి నేర విచారణ స్మృతి 133వ సెక్షన్ కింద, ప్రజలకు కలిగే బాధను తొలగించమని పురపాలక సంఘాన్ని మేజిస్ట్రేటు ఆదేశించారు. తమ వద్ద ధనం లేదని సంఘం సుప్రీంకోర్టు వరకు వెళ్లింది.

జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ వెలువరించిన తీర్పు ఆ వాదనను అంగీకరించలేదు. ప్రజారోగ్యాన్ని కాపాడే చట్టబద్ధమైన విధి నుండి ఆర్థిక అశక్తత తప్పించజాలదని, తక్కువ ప్రాధాన్యం గల ఖర్చులను తగ్గించుకొని పారిశుద్ధ్యానికి ధనం సమకూర్చుకోవాలని, రాష్ట్ర ప్రభుత్వం కూడా సహాయపడాలని కోర్టు చెప్పింది. 36 సంవత్సరాల తరువాత వచ్చిన 2016 నియమాలలోని బడ్జెట్ క్రమం ఈ తీర్పు స్ఫూర్తికి కొనసాగింపుగా కనబడుతుంది. 133వ సెక్షన్ స్థానంలో నేడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 152వ సెక్షన్ ఉన్నది. పౌరులకు ఆ మార్గం ఇప్పటికీ తెరిచే ఉన్నది.

ఖర్చు చేయకపోవడం చౌక కాదు. చెత్త, మురుగు నిర్వహణలో లోపాలకు పర్యావరణ పరిహారంగా సుమారు 12,000 కోట్ల రూపాయలు చెల్లించమని జాతీయ హరిత న్యాయాధికరణం 2022 సెప్టెంబరులో మహారాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. నేడు తప్పించుకున్న ఖర్చు రేపు కొండంత అవుతుంది.

తరలింపునకు ఉన్న ధనం పరిష్కారానికి ఉండదు

భారతదేశ నగరాల చెత్త బడ్జెట్‌లకు ఒక సాధారణ లక్షణం ఉన్నది. సుమారు 60 నుండి 70 శాతం వీధులు ఊడ్చి చెత్త సేకరించడానికి, 20 నుండి 30 శాతం తరలింపునకు పోతుంది. శాస్త్రీయమైన అంతిమ పరిష్కారానికి మిగిలేది 5 శాతం లోపు. కారణం ఊహించడం కష్టం కాదు. ఇంటిముందు చెత్త పేరుకుంటే ఆనాడే ఫిర్యాదు వస్తుంది. ఊరి వెలుపల గుట్టగా పేరుకుంటే, దాని పొగ, దాని నీరు మనవరకు వచ్చేదాకా ఎవరూ అడగరు. ఇరయీ, ఝర్పట్ నదుల మధ్య ఉన్న మన నగరంలో గుట్టలనుండి కారే మలినజలం ఎటు పోతుందో వేరుగా చెప్పనవసరం లేదు. కనుక బడ్జెట్‌ను పరిశీలించేటప్పుడు మొత్తం ఎంత అన్నదానికన్న, అందులో శుద్ధికి, ఎరువు తయారీకి, పాత గుట్టల తొలగింపునకు ఎంత అన్నదే ముఖ్యమైన ప్రశ్న.

శుద్ధి కేంద్రానికి పెట్టిన పెట్టుబడి తిరిగి రావాలంటే దానికి చెత్త నిలకడగా చేరాలి. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని క్లార్క్స్‌టౌన్ అనే పట్టణం ఇందుకోసమే తన చెత్తనంతటినీ ఒకే కేంద్రానికి పంపాలని శాసనం చేసింది. ఒక ప్రైవేటు కేంద్రానికి మేలు చేకూర్చే నిబంధన అని అక్కడి సుప్రీంకోర్టు 1994లో దానిని కొట్టివేసింది. అదే కోర్టు 2007లో, కేంద్రం ప్రజాసంస్థదే అయిన మరొక సందర్భంలో అటువంటి నిబంధనను సమర్థించింది. చెత్త కూడా ఒక ఆర్థిక వనరేనని, దానిని ఎవరి చేతికి అప్పగిస్తున్నామన్నది ప్రజలు చూసుకోవలసిన విషయమని ఈ రెండు తీర్పులు తెలుపుతాయి.

బడ్జెట్‌లో పౌరుని స్థానం

ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది. ఆయుక్తుడు ఆదాయవ్యయాల అంచనాను తయారుచేసి స్థాయీ సమితికి సమర్పిస్తాడు. సమితి పరిశీలించిన తరువాత అది సర్వసభ ముందుకు వస్తుంది. మరుసటి సంవత్సరపు పన్ను రేట్లను ఫిబ్రవరి 20లోపు నిర్ణయించాలని 99వ సెక్షన్ చెప్తున్నది. ఎన్నికైన సభ లేని కాలంలో ప్రభుత్వం నియమించిన ప్రశాసకుడు ఈ అధికారాలను నిర్వహిస్తాడు. బడ్జెట్‌లో కేటాయింపు లేనిదే నిధినుండి సొమ్ము చెల్లించరాదు. కాబట్టి మార్చి నెలలో కాక, డిసెంబరు, జనవరి నెలలలోనే మన వార్డు అవసరాలను లిఖితపూర్వకంగా తెలియజేయడం ప్రయోజనకరం.

ప్రతి పౌరుడు అడగదగిన ప్రశ్నలు ఇవి.

• ఈ సంవత్సరం చెత్త నిర్వహణకు కేటాయించినది ఎంత? నిజంగా ఖర్చయినది ఎంత?

• వినియోగ రుసుము ద్వారా వచ్చినది ఎంత? అది ఏ పనికి వినియోగపడింది?

• ఆర్థిక సంఘం గ్రాంటులో పారిశుద్ధ్య భాగం ఏ పనికి పోయింది?

• సేకరణ కాంట్రాక్టుకు చెల్లింపు ఏ లెక్కన జరుగుతున్నది: చెత్త బరువును బట్టియా, ఇళ్ల సంఖ్యను బట్టియా? బరువును ఎవరు తూచి నమోదు చేస్తున్నారు?

• తుకుం నుండి వెళ్లిన చెత్తలో ఎరువుగా మారినది ఎంత? పూడ్చినది ఎంత?

పాలిక ప్రచురించిన పత్రాలలో సమాధానం దొరకకపోతే సమాచార హక్కు చట్టం, 2005 కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు చేయవచ్చు. సాధారణంగా 30 దినాలలో సమాచారం ఇవ్వాలి.

హక్కుతో పాటు మన వంతు కర్తవ్యమూ ఉన్నది. 2016 నియమాలు తడి చెత్త, పొడి చెత్త, ఇంటిలోని హానికర వ్యర్థాలు అని మూడు భాగాలుగా వేరుచేయడాన్ని గృహస్థుని విధిగా పేర్కొన్నాయి. చెత్తను బహిరంగంగా తగులబెట్టినవారికి 5,000 రూపాయలు, పెద్దయెత్తున తగులబెట్టినవారికి 25,000 రూపాయలు పరిహారం విధించాలని జాతీయ హరిత న్యాయాధికరణం 2016 డిసెంబరు 22న ఆదేశించింది. వేరుచేయని చెత్తను మళ్లీ వేరుచేయడానికి పాలిక కూలి చెల్లిస్తుంది. ఆ కూలి మన ఇంటి పన్నునుండే పోతుంది. వంటింట్లో రెండు బుట్టలు పెట్టుకోవడం నగర ఖజానాకు ప్రతి ఇల్లాలు, ప్రతి గృహస్థుడు చేయగలిగిన సహాయం. ఆ తరువాత పాలికను లెక్క అడిగేటప్పుడు మన గొంతుకు బలం ఉంటుంది.